వస్తది సార్!

లాడ్జి మేనేజరును తిట్టినంత తేలిగ్గా మన దగ్గర ఇంకెవరినీ తిట్టరు. ఆర్టీసీ కండక్టరును తిట్టాలంటే నడిరోడ్డు మీద దింపుతాడేమోనని భయం. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాను తిట్టాలంటే అతని బల్ల మీదున్న మన ఫైలు గుర్తొస్తుంది. లాడ్జి మేనేజరు దగ్గర ఆ చిక్కేమీ లేదు. పొద్దున్నే ఖాళీ చేసి పోయేవాళ్లమే కదా అన్న ధైర్యంతో, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా, మెట్ల మీదే మొదలుపెడతారు. నీళ్లు రాని నల్లాకూ వెలగని బుగ్గకూ అతడే కారణమని, ఒట్టి బద్ధకస్తుడని, అబద్ధాల కోరని అతనికి వినిపించేటట్టే మాట్లాడుకుంటూ కిందికి దిగుతారు. ఈ తీర్పు తప్పని నా వాదన. అతడు బద్ధకస్తుడు కాడు, మోసగాడూ కాడు. గల్లాపెట్టెలోంచి పది రూపాయలు తీసే హక్కు లేకుండా, నోటి మాట ఒక్కదానితో పాతిక ముప్పై గదులు నడిపించే మనిషి. ఆ గదుల్లో జరిగే తమాషాలన్నిటికీ మూలం ఒక్కటే: మాట ఇచ్చే అధికారం అతనికి నిండా ఉంది, ఖర్చు పెట్టే అధికారం బొత్తిగా లేదు.

ముందు మనిషిని చూద్దాం. కింద సెల్‌ఫోన్ల దుకాణానికీ టిఫిన్ సెంటరుకూ నడుమ, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవలసినంత సన్నటి మెట్లు. మొదటి అంతస్తులో కౌంటరు, దాని వెనుక యాభై దాటిన మనిషి. చాలాచోట్ల యజమానికి భార్య తరపు దూరపు చుట్టం, కాకుంటే రైసుమిల్లులో లెక్కలు రాసి, మిల్లు అమ్మేశాక ఇక్కడికి బదిలీ అయినవాడు. తలపైన యాదగిరిగుట్ట నరసింహస్వామి, పక్కన మన్యంకొండ వెంకన్న, ఆ ఇద్దరి కింద ‘మీ విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డు. మరి బాధ్యత ఎవరిదో పై ఫొటోలు చూసి అర్థం చేసుకోవాలి. ఎదుట పొడుగాటి రిజిస్టరు, దానికి సుతిలితో కట్టిన పెన్ను. పేరు, తండ్రి పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని మీద వచ్చారు అని గడులుంటాయి. ఆఖరి గడిలో మొదటివాడు ‘సొంత పని’ అని రాస్తాడు, తర్వాతివాళ్లంతా దాని కింద రెండు గీతలు గీస్తారు. ఏ పరిశోధకుడైనా ఈ రిజిస్టర్లు తిరగేస్తే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల జనానికి సొంత పని తప్ప వేరే వ్యాపకం లేదని తేల్చేస్తాడు.

వాదనకు ఆధారం కావాలంటే రిమోటు దగ్గర మొదలుపెట్టాలి. రెండో అంతస్తులో ఎనిమిది గదులుంటే, ఎనిమిదింటికీ కలిపి పనిచేసే పెన్సిల్ సెల్లులు ఒక్క జత. రిమోట్లకు వెనుక మూత ఉండదు, రబ్బరు బ్యాండే మూత. 204 గదిలో మనిషి క్రికెట్టు చూస్తానంటాడు. రూమ్ బాయ్ పోయి, నిద్రపోతున్న 201 గది ఏసీ రిమోటులోంచి సెల్లులు తీసి 204కు ఇస్తాడు. అర్ధరాత్రి 201లో ఏసీ పద్దెనిమిది మీద ఉండిపోతుంది. తగ్గించడానికి లేదు, ఆపడానికి స్విచ్చు చేతికందదు. ఆ మనిషి చద్దరు కప్పుకుని, దాని మీద మంచం మీది దుప్పటి కప్పుకుని, కౌంటరు దగ్గరికి దిగి వస్తాడు. మేనేజరు చలించడు. ‘సెల్లులు వస్తున్నయ్ సార్, పోరడు తేవడానికే పోయిండు’ అంటాడు. పోరడు పోయిన మాట నిజమే, దుకాణానికి కాదు, 204కు. ఆఖరి ఓవరు నాలుగో బంతికి 204 వాడు చానల్ మార్చబోతే రిమోటు ఖాళీ. ఇదంతా బద్ధకమంటే నేను ఒప్పుకోను. జత సెల్లులు కొనడానికి పట్టే శ్రమ కంటే, ఒకే జతను రాత్రంతా ఎనిమిది గదులు తిప్పడానికి పట్టే శ్రమ, తెలివి, జ్ఞాపకశక్తి ఎంతో ఎక్కువ. కొనకపోవడానికి కారణం వేరు. కొంటే చిట్టా పుస్తకంలో ‘సెల్లులు’ అని రాయాలి. ఆదివారం యజమాని వచ్చి ఆ గీత మీద వేలు పెట్టి ‘మొన్ననే తెచ్చినవ్ గద, అవెటు పోయినయ్?’ అంటాడు. ఆ మొన్న అంటే పోయిన దసరా. చలికి వణికే కస్టమరు రెండు నిమిషాలు అరిచి పోతాడు. యజమాని అడిగిన ప్రశ్న మాత్రం దీపావళి దాకా నడుస్తుంది.

ఆ యజమాని దుర్మార్గుడా అంటే అదీ కాదు. ఆయన లెక్క ఆయనది. మిర్యాలగూడలో మిల్లుంటుంది, జడ్చర్ల దిక్కు ప్లాట్లుంటాయి, కాపురం వనస్థలిపురంలో ఉంటుంది. రోడ్డు మీది జాగాకు ఏటేటా ధర పెరుగుతుంది. జాగా ఖాళీగా ఉంటే ఎవడైనా గుడిసె వేస్తాడు, అందుకని మూడంతస్తులు లేపి లాడ్జి అన్నాడు. ఆయన దృష్టిలో అది జాగాకు కట్టిన ప్రహరీ గోడ, కాకపోతే అందులో మంచాలున్నాయి. నేల విలువ పెంచని బుగ్గ ఎందుకు మార్చాలో ఆయనకు తెలియదు. పైగా వ్యాపారం కూడా అట్లాగే ఉంది. నల్లగొండ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచీ అంతే. ఒకప్పుడు కోర్టు వాయిదాకో కలెక్టరాఫీసు పనికో వచ్చినవాళ్లు రాత్రి ఆగిపోయేవారు. ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, ఎవరి చేతిలో చూసినా బండి ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టాక నల్లగొండ మూడయింది, పాలమూరు నాలుగై 2019లో నారాయణపేటతో అయిదయింది. సూర్యాపేటకు, వనపర్తికి, నాగర్‌కర్నూలుకు కలెక్టరేట్లు వచ్చాయని అక్కడా లాడ్జి బోర్డులు లేచాయి. కానీ కలెక్టరేటు దగ్గరైంది కాబట్టి జనం పని చూసుకుని మాపటికల్లా ఇల్లు చేరుతున్నారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే గదికి కొత్త పరుపు వేయమంటే ఏ యజమానైనా జంకుతాడు. ఇంతవరకు ఆయనది న్యాయమే.

చిక్కల్లా మిగిలిన కొద్ది రోజులతో. పెళ్లి ముహూర్తాలు, దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాఘంలో చెర్వుగట్టు, సాగర్ 26 గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన ఆదివారం, వీటికి తోడు ఎన్నికలు. ఈ ఆఖరిదాంట్లో ఉమ్మడి నల్లగొండది ప్రత్యేక యోగం: 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు, నాలుగేళ్లు తిరగక ముందే మూడు ఉప ఎన్నికలు. మిగతా ఊళ్లలో లాడ్జివాళ్లు పంచాంగం చూసుకుంటే ఇక్కడి వాళ్లు ఎమ్మెల్యేల ఆరోగ్యాలు, రాజీనామాలు కూడా చూసుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో నెలల తరబడి తెరవని గది తెరుస్తారు. నెలల తరబడి తిప్పని నల్లా తిప్పుతారు. అది చేతికి ఊడి వస్తుంది.

బద్ధకస్తుడన్న ఆరోపణకు జవాబు పెళ్లి రాత్రిలో దొరుకుతుంది. తెల్లవారుజామున ముహూర్తం. మొదటి అంతస్తు ఆడపెళ్లివారికి, రెండో అంతస్తు మగపెళ్లివారికి ఇచ్చారు, పై అంతస్తు గౌరవమని. నాలుగింటికి అందరూ ఒక్కసారి గీజర్లు వేస్తారు. ఫ్యూజు పోతుంది. జనరేటరు ఉంది కానీ అది కౌంటరు మీది ఫ్యానుకూ కింది బోర్డుకూ మాత్రమే. చీకట్లో తాళాలు తారుమారవుతాయి. 203 చాబీకి 205 కూడా తెరుచుకుంటుందన్న రహస్యం అప్పుడే బయటపడుతుంది, పెళ్లికొడుకు కోసం కుట్టించిన షేర్వానీ ఎవరిదో తెలియని గదిలో తేలుతుంది. ఇక నీళ్లు. మోటారు నడిస్తేనే పై అంతస్తుకు ఎక్కుతాయి, కరెంటు లేకపోతే ట్యాంకులో మిగిలినవి కిందివాళ్లకే దిగుతాయి. ఆడపెళ్లివారంతా స్నానాలు చేసి పట్టుచీరలు కడుతుంటే, పైన వరుని మేనమామ ఒళ్లంతా సబ్బు నురగతో తలుపు సందులోంచి ‘నీళ్లో!’ అని కేకేస్తాడు. కట్నంలో బండి ఇవ్వనప్పుడు కూడా రాని మాటలు అప్పుడు వస్తాయి: మా వైపు వాళ్లకు నీళ్లు కూడా బందు పెట్టినరా? మన మేనేజరు ఆ వేళ ఏం చేస్తాడో చూడాలి. పైవాళ్లతో ‘మోటరేసిన, ఎక్కుతున్నయ్’ అంటాడు. కిందివాళ్లతో ‘జర నల్లా బందు చేయుండ్రి, పెద్దమనిషి సబ్బుతోని నిలబడ్డడు’ అని చేతులు జోడిస్తాడు. టిఫిన్ సెంటరువాణ్ణి లేపి, ఇడ్లీ పాత్రకు పొయ్యి మీద పెట్టిన వేడినీళ్లు రెండు బకెట్లు అప్పు తెస్తాడు. ఆ అప్పు తన సొంత పరపతి మీద తెచ్చిందే, యజమాని లెక్కలో ఎక్కడా పడదు. పెళ్లి ఆగలేదంటే కారణం అతడే. పొద్దున ఏడింటికి అదే మేనమామ కౌంటరు ముందు నిలబడి, ఇంత దిక్కుమాలిన లాడ్జి పాలమూరు మొత్తం మీద లేదంటాడు. ‘అవును సార్’ అంటాడు మేనేజరు. అది మాత్రం అబద్ధం. అట్లాంటివి ఇంకా ఉన్నాయని అతనికి తెలుసు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. నీళ్ల గురించి ఈ ప్రాంతం వాళ్లను ఏమార్చడం తేలిక కాదు. ఫ్లోరైడు గోస దేశానికి వినబడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అట్లాంటి జిల్లాలో గది తీసుకున్న మనిషి గ్లాసు ఎత్తి వెలుగుకు పట్టి, ‘ఇవేం నీళ్లు?’ అని అడిగితే నిలబడి జవాబు చెప్పగలగడం సామాన్యం కాదు. ‘కృష్ణ నీళ్లే సార్’ అంటాడు మేనేజరు. ఆ నీళ్లు బోరువని స్నానాల గదిలో షవరే సాక్ష్యం చెబుతుంది. ఉప్పు పేరుకుని దాని చిల్లులు సగానికి పైగా మూసుకుపోయి ఉంటాయి. మిగిలిన వాటిలో ఒకటి పైకప్పును తడుపుతుంది, ఒకటి తలుపుకు తగిలించిన లుంగీని, ఇంకొకటి గురి తప్పకుండా స్విచ్‌బోర్డును. కింద నిలబడ్డ మనిషి మీద మాత్రం చుక్క పడదు. షవరు మార్చమంటే, ‘అది కంపెనీది సార్, మంచిది’ అని జవాబు.

ఇంగ్లండులో ఇట్లాంటి హోటలు మీద బీబీసీ ఒక హాస్య ధారావాహిక తీసింది, ఫాల్టీ టవర్స్. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే భాగాలు. దానికి మూలం టోర్కీ ఊళ్లో డొనాల్డ్ సింక్లెయిర్ అనే హోటలు యజమాని. 1970లో మాంటీ పైథాన్ హాస్య బృందం అక్కడ దిగితే, అందులో ఒకాయన బ్రీఫ్‌కేసులో బాంబుందేమోనని అనుమానించి సింక్లెయిర్ దాన్ని బయట గోడ అవతల పెట్టించాడని చెప్పుకుంటారు. ఆ బృందంలోని జాన్ క్లీజ్ ఆ మనిషినే బేసిల్ ఫాల్టీగా మలిచాడు. మన మేనేజరును బేసిల్‌కు తమ్ముడనడం చదువుకున్నవాళ్లకు సరదాగానే ఉంటుంది కానీ పోలిక కుదరదు. బేసిల్ సొంతదారు, కస్టమరు వస్తే తన ఇంట్లోకి దొంగ వచ్చినట్టు చిరాకుపడతాడు, అరుస్తాడు, కొడతాడు. మనవాడు జీతగాడు. గొంతు పెంచడు, ఎవరినీ కాదనడు, ఏదీ లేదనడు. కోపం యజమానికి చెల్లుతుంది, జీతగాడికి శాంతమే దిక్కు. పోలిక ఎక్కడైనా ఉంటే రూమ్ బాయ్ దగ్గర ఉంది. అక్కడ బార్సిలోనా నుంచి వచ్చిన మాన్యుయెల్‌కు ఇంగ్లీషు రాదు, ఇక్కడ ఒడిశా నుంచి వచ్చిన తమ్మికి తెలుగు రాదు. పాలమూరు కూలీలు తరతరాలుగా దూర రాష్ట్రాలకు పోయి ఆనకట్టలూ కాలువలూ మేడలూ కట్టి వచ్చారు; ఇప్పుడు పాలమూరులో పక్క దులపడానికి ఇంకో రాష్ట్రం నుంచి పిల్లవాడు వస్తున్నాడు. ‘తువ్వాల’ అంటే చీపురు తెస్తాడు, ‘దుప్పటి’ అంటే టీ తెస్తాడు. తప్పు అతనిది కాదు, చెప్పిందే తేబోయినా లాడ్జిలో తువ్వాళ్లు ఉంటే కదా.

సరే, బద్ధకం కాదు, మరి మోసమో? ఇది కాస్త బరువైన ఆరోపణ. గోడ గడియారం పదిహేను నిమిషాలు ముందు నడుస్తుంది. 24 గంటల చెక్ అవుట్ అని బోర్డుంటుంది. రిజిస్టరులో దిగిన టైము కస్టమరు వాచీ చూసి రాస్తారు, ఖాళీ చేసే టైము గోడ గడియారం చూసి లెక్కగడతారు. పావుగంట దాటితే ఇంకో రోజు అద్దె. పన్ను సంగతీ అంతే. రోజుకు వెయ్యి లోపు గదికి జీఎస్టీ మినహాయింపు 2022 జులై 18న పోయి 12 శాతం పడింది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతమైంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే రిజిస్ట్రేషనే అక్కరలేదు. మన కౌంటరు దగ్గర మాత్రం ఈ మార్పులేవీ తెలియవు: బిల్లు అడిగితే పన్ను ఉంటుంది, అడగకపోతే ఉండదు. ఇవన్నీ నిజాలే, వీటిని కాదనను. కానీ ఈ పావుగంటా ఈ పన్నూ ఎవరి జేబులోకి పోతున్నాయో అడగాలి. మేనేజరు అదే చొక్కా, అదే పాత చెప్పులు. గడియారాన్ని ముందుకు జరిపినవాడు వనస్థలిపురంలో ఉంటాడు, దాని కింద కూర్చుని చీవాట్లు తినేవాడు ఇక్కడ ఉంటాడు. అతడు సొంతంగా చెప్పే అబద్ధం ఇంకొకటుంది. సాగర్‌లో 2022లో బుద్ధవనం తెరిచాక అప్పుడప్పుడు పరదేశీ యాత్రికులు దారి తప్పి ఈ మెట్లెక్కుతారు. పరదేశీ దిగితే 24 గంటల్లో ఆ సంగతి సర్కారుకు ఫారంలో పంపాలి, దానికి కంప్యూటరు కావాలి, ఇంగ్లీషు కావాలి, పాస్‌పోర్టు వివరాలు కావాలి. వెనుక గోడకు చాబీలన్నీ వేలాడుతుండగానే మనవాడు నవ్వుతూ ‘రూమ్స్ ఫుల్’ అంటాడు. ఇందులో కూడా అతనికి దక్కిందేమీ లేదు, అద్దె పోయింది తప్ప.

ఇక ఆన్‌లైన్ బుకింగు వచ్చింది, నక్షత్రాలొచ్చాయి, ఇట్లాంటివాళ్ల ఆటలు కట్టని వాదించేవాళ్లున్నారు. ఫోనులో కనిపించే ఫొటో లాడ్జి మొదలైన ఏట తీసింది. కస్టమరు ఆ ఫొటో చూపించి ‘ఈ రూమేది?’ అంటే ‘అది సార్ ఇదే’ అని మేనేజరు నిజమే చెబుతాడు. ఒక్క నక్షత్రం పడితే యజమాని ఆదివారం వచ్చి మేనేజరును తిడతాడు, బుగ్గ మార్చడు. వ్యవస్థ మారింది, ఇదివరకు ఎదురుగా తిట్టేవాళ్లు, ఇప్పుడు ఎదురుగానూ తిట్టి ఫోనులోనూ తిడతారు.

మరీ మేనేజరునే వెనకేసుకొచ్చి కస్టమరును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అయినా స్నానాల గదిలో మగ్గుకు గొలుసు ఎందుకు పడిందో చెప్పకుంటే న్యాయం కాదు. ఇద్దరికని గది తీసుకుని, చీకటి పడ్డాక మెట్ల మీద ఒక్కొక్కరే ఎక్కి ఏడుగురు పడుకుంటారు. ఫ్యాను రెక్కకూ కిటికీ చువ్వకూ తాడు కట్టి తడి బట్టలు ఆరేస్తారు, ఆ తర్వాత ఫ్యాను వేస్తారు. దిండు గలీబుతో బూట్లు తుడుస్తారు. మూలమూలనా గుట్కా ఎర్రగా మెరుస్తుంటుంది. ‘ఇక్కడ ఉమ్మరాదు’ అన్న బోర్డు ఉన్నచోట మరీ ఎక్కువ. జాతర వెళ్లాక తువ్వాళ్లు లెక్కపెడితే కొన్ని తక్కువ వస్తాయి, ఆ లెక్క మళ్లీ చిట్టా పుస్తకంలో మేనేజరు జీతం మీదే పడుతుంది. అందుకే తువ్వాల అడిగితే, ‘వస్తది సార్’.

ఇంత వాదించాక మందు చెప్పాలి. ఖరీదైనదేం కాదు: వారానికి ఐదు వందలు మేనేజరు చేతిలో పెట్టి, లెక్క అడగకుండా ఉంటే చాలు. సెల్లులు, బుగ్గలు, నల్లా వాషర్లు, ఒక ఫ్యూజు తీగె, అన్నీ అందులో వస్తాయి. ఇస్తే తింటాడని యజమానులు అంటారు. రోజంతా గల్లా ముందు కూర్చుని తిననివాడు ఐదు వందలు తింటాడా అని అడగొచ్చు, వాళ్ల దగ్గర జవాబుండదు. నిజమైన అడ్డంకి యజమాని కాదు. చేతిలో డబ్బు లేనంత కాలం మేనేజరుకు తిరుగులేదు. పోరడు పోయిండనొచ్చు, సేటును అడగాలనొచ్చు, మోటరేసిననొచ్చు. ప్రతి అరుపుకూ ఒక మాట సిద్ధం, ఏ తప్పూ తనది కాదు. చేతిలో ఐదు వందలు పడ్డనాడు 201 వాడు చద్దరు కప్పుకుని వచ్చి నిలబడితే సెల్లులు ఇవ్వాలి, లేదంటే తేలేదని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ ప్రమాదంలో పడడు. ఏ యజమానైనా మనసు మార్చుకుని ఆ నోటు కౌంటరు మీద పెడితే మేనేజరే దాన్ని వెనక్కి జరుపుతాడు: ‘నాకెందుకు సేటూ ఇవన్నీ, మీరు వచ్చినప్పుడు మీరే తెప్పియ్యుండ్రి.’